తడిపిన అస్తర్

దబీర్‌పురా, హైదరాబాదు
14 అక్టోబరు 2003

అక్కా,

కాళ్ళకు దండం పెట్టాలంటే వంగాలి. వంగొద్దని డాక్టరమ్మ ఆర్డరు. అందుకని దండం కాగితం మీదనే పుచ్చుకో.

ఇంటికొచ్చి వారమైంది. స్రవ్య నీకు ఫోన్లో అరిచి అరిచి చెప్పానంది. నీ చెవుల సంగతి నాకు తెలుసు. కోడలు చెప్పినదాంట్లో సగం విని, మిగతా సగం నీ సైన్సు పుస్తకాల్లోంచి కల్పించుకొని ఉంటావు. ఆడపిల్లల బడిలో అన్నేళ్ళు పాఠాలు చెప్పినదానివి, ఊరుకుంటావా? అందుకే అసలు సంగతి నేనే రాస్తున్నాను.

గుండె నుంచి కడుపులోకి దిగి, బొడ్డు దగ్గర రెండు కాళ్ళకు రెండుగా చీలే పెద్ద రక్తనాళం ఉంది కదా. నాది ఒకచోట గోడ పలచబడి తిత్తిలాగా ఉబ్బిందట. సిగరెట్ల పుణ్యం అన్నారు. అది ఒకరోజు పగిలితే ఆస్పత్రి దాకా కూడా పోనక్కర్లేదు, ఇటు నుంచి ఇటే పురానాపూల్ శ్మశానానికి. పొట్ట కోసి బాగుచేయొచ్చు, లేదంటే కొయ్యకుండా లోపల్లోపలే చేసే కొత్త పద్ధతి ఉంది అన్నారు. కొయ్యకుండా అనే మాట చెవిన పడగానే మా అబ్బాయి రాహుల్ సంతకం పెట్టేశాడు.

ఇప్పుడు విను. లోపల పెట్టింది ఏమిటనుకున్నావు? బట్ట! గొట్టంలాగా నేసిన బట్టకు సన్నటి తీగలు కుట్టి, గొడుగు ముడిచినట్టు ముడిచి, తొడ దగ్గర చిన్న గాటు పెట్టి నాళంలోంచి పైకి పంపి, అక్కడ విప్పారు. పైన నడుము, కింద రెండు కాళ్ళు. అచ్చం పైజామా. ఇక రక్తం ఆ పైజామాలోంచి పోతుంది, ఉబ్బిన గోడకు దెబ్బ తగలదు.

అంటే అస్తర్ కాదూ? మూడు తరాలుగా షేర్వానీల లోపల వేసే అస్తర్ బట్ట అమ్ముకొని బతికాం. చివరికి నా కడుపులోనే అస్తర్ వేశారు. నాకు నవ్వు ఆగలేదు. డాక్టర్ నీహారికను అడిగాను.

"ఇదేం బట్టమ్మా?"

"పాలిస్టరండీ."

"అయ్యో, పాలిస్టర్ అస్తర్ చెమట పీల్చదని మా గిరాకీలు లొల్లి చేస్తరు కదమ్మా!"

ఆ పిల్ల కాకినాడ వైపుది, మర్యాద ఎక్కువ. "ఇది చెమట పీల్చక్కర్లేదండీ, రక్తం కారనివ్వకపోతే చాలు," అంది.

మన గల్లీలో షేర్వానీలు కుట్టే గఫూర్ భాయ్ చూడ్డానికి వచ్చి అలిగి కూర్చున్నాడు. "క్యా సేఠ్, ఇన్నేండ్లు నీ దుకాణం అస్తర్ నేను కుట్టిన. నీకు అస్తర్ వేసేటప్పుడు నన్ను ఒక్క మాట అడగలే!" అన్నాడు.

ఏటేటా ఒకసారి స్కాన్ తీయించుకోవాలట. తీయిద్దాం.

నీ తమ్ముడు
అమరనాథ్


హనుమకొండ
25 అక్టోబరు 2003

తమ్మీ,

నువ్వు లేచి ఉత్తరం రాశావంటే సగం రోగం పోయినట్టే. దండం అందింది.

స్రవ్య చెప్పినదాంట్లో నేను సగం కాదు, పావు విన్నాను. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బృహద్ధమని బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు గానీ, దానికి పైజామా తొడగొచ్చని నాకు తట్టలేదు. కాబట్టి నా ప్రశ్నలు రాసుకో. పోయినప్పుడు ఆ డాక్టరు అమ్మాయిని అడుగు.

పైజామాకు బొందు ఏది? పైన దేన్ని పట్టుకొని నిలబడుతుంది? గుండె కొట్టినప్పుడల్లా రక్తం తోస్తూనే ఉంటుంది కదా, కిందికి జారదా? బట్టకూ పాత గోడకూ మధ్య మిగిలిన జాగాలో రక్తం ఏమవుతుంది? మూత్రపిండాలకు పోయే నాళాలు ఆ పక్కనే చీలతాయి, బట్ట వాటికి అడ్డం రాలేదా?

నిన్ను భయపెట్టడానికి కాదు. తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు. చిన్నప్పుడు నువ్వు బట్ట కొలిస్తే బాపు ఆ తాను నా చేతికిచ్చి మళ్ళీ కొలిపించేవాడు, గుర్తుందా? మూతి ముడుచుకొని కూర్చునేవాడివి. ఇప్పుడు ముడవకు. అడిగి రాయి.

సిగరెట్ పెట్టె ఇంట్లో ఎక్కడ దాచావో స్రవ్యకు చెప్పాను.

విమల


దబీర్‌పురా
20 నవంబరు 2004

అక్కా,

నీ ప్రశ్నలు ఏడాది పాటు జేబులో పెట్టుకొని తిరిగి, మొన్న స్కానుకు పోయినప్పుడు అడిగాను. డాక్టరమ్మ ముందు నవ్వింది, తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మీ అక్కగారు డాక్టరా అండీ?" అని అడిగింది. కాదు, రిటైరైన టీచరు, అంతకన్నా కష్టం అన్నాను.

బొందు లేదు. నడుము దగ్గర తీగ స్ప్రింగులాగా విచ్చుకొని గోడను అదుముకొని ఉంటుంది, చిన్న చిన్న కొక్కేలు కూడా ఉన్నాయి. మూత్రపిండాల నాళాలకు కాస్త కిందనే ఆగుతుంది, వాటికి అడ్డం రాదు. బయట మిగిలిన రక్తం గడ్డ కట్టి మెల్లగా ఇంకిపోతుంది. జారదా అన్న ప్రశ్నకు మాత్రం, "అందుకే కదండీ ఏటా చూసేది," అంది.

చూస్తే ఏమైందో తెలుసా? ఉబ్బు తగ్గింది! పోయినేటి కన్నా బాగా చిన్నగా అయింది. స్కాన్ బల్ల మీద మందు ఎక్కించినప్పుడు ఒళ్ళంతా కాలి వాంతికి వచ్చింది గానీ, ఆ మాట విన్నాక అన్నీ మర్చిపోయాను.

ఇంటికొచ్చేసరికి వెనక వాకిట్లో మన దుకాణంలో పనిచేసే బీరయ్య కొత్త అస్తర్ తాన్లు తొట్టిలో నానబెడుతున్నాడు. మన దుకాణం పేరంతా దాని మీదనే కదా. కొత్త బట్ట మొదటి తడికి కుదించుకుంటుంది. తడపకుండా కుడితే షేర్వానీ ఒక్క ఉతుకుకే ముడతలు పడుతుంది. మనం తడిపి, ఆరేసి, ఆ తర్వాత కొలిచి అమ్ముతాం. ఒకసారి తడి తగిలిన బట్టను మళ్ళీ కొలిచే పని లేదని బాపు చెప్పేవాడు. నా అస్తర్ కూడా అంతే. మొదటి ఏడాది తడికి తగ్గేదంతా తగ్గింది. ఇక ఫికర్ లేదు.

అమరనాథ్


హనుమకొండ
18 మే 2007

తమ్మీ,

పోయిన రెండు ఉత్తరాల్లో నువ్వు ఒక్క పరాచికం ఆడలేదు. ఎండలు, కరెంటు కోత, మనవరాలి పరీక్షలు. ఇది నా తమ్ముడు రాసినట్టు లేదు. నాకు చెవులు పోయాయి గానీ కళ్ళు పోలేదు.

ఈ ఏడాది స్కానులో కొలత ఎంత వచ్చింది? పోయినేడు ఎంత? అంతకు ముందు ఎంత? మూడూ రాయి. ఇంకేమీ రాయకున్నా సరే.

విమల


దబీర్‌పురా
2 జూన్ 2007

అక్కా,

పోయినేడు లేదు. అంతకు ముందూ లేదు. 2004 తర్వాత నేను స్కానుకు పోలేదు. ఆస్పత్రి నుంచి కార్డులు వచ్చాయి, పంచాంగం వెనక పెట్టాను. రాహుల్ అడిగితే అయిపోయిందని చెప్పాను.

ఉగాది నుంచి నడుము నొప్పి. తాన్లు ఎత్తడం వల్ల అనుకున్నాను, నూనె రాయించుకున్నాను. పోయిన నెల పడుకుంటే బొడ్డు మీద కప్పిన దుప్పటి గుండెతో పాటు లేచి పడుతోంది. అది చూసి స్రవ్య ఆటో పిలిచింది.

ఉబ్బు మొదటి కన్నా చాలా పెద్దదైంది. అస్తర్ జారింది. నువ్వు అడిగిన ప్రశ్నే. పైన పట్టు తప్పి కిందికి దిగింది, ఆ సందులోంచి రక్తం మళ్ళీ పాత గోడను కొడుతోంది.

డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. మెల్లగా అడిగింది.

"ఎందుకు రాలేదండీ?"

"మొదటి తడికే కుదించుకున్నది కదమ్మా. ఇంక మళ్ల మళ్ల కొలుసుడెందుకని..."

ఆమెకు అర్థం కాలేదు. తొట్టి, తడి, బీరయ్య, బాపు, అన్నీ చెప్పాను. అంతా విన్నది. తర్వాత కాగితం మీద బొమ్మ గీసింది. "మేం పెట్టిన బట్ట కుదించుకోలేదండీ. అది పెట్టినప్పుడు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. కొలిచింది బట్టని కాదు, మిమ్మల్ని. పైన అది పట్టుకున్న గోడ ఈ మూడేళ్ళలో వెడల్పయింది. అందుకే జారింది," అంది.

ఇంత వయసొచ్చి అస్తర్‌కూ షేర్వానీకీ తేడా తెలుసుకోలేకపోయాను. సిగ్గుగా ఉంది.

గఫూర్ భాయ్, "గింతేనా? పైన రెండు టాంకా కుట్లు వేస్తే ఖతం," అంటున్నాడు. డాక్టరమ్మ ఆలోచన కూడా ఇంచుమించు అదే. పైన ఇంకో చిన్న బట్ట పట్టీ అతికించి చూస్తారట, మళ్ళీ తొడలోంచే. ఈ నెలాఖరున.

అమరనాథ్


హనుమకొండ
9 జూన్ 2007

అమరనాథ్,

తమ్మీ అని రాయబుద్ధి కావడం లేదు. కోపంగా ఉంది. నిన్న మా అమ్మాయి మీద, పనిమనిషి మీద, ఆఖరికి పాలవాడి మీద కూడా అరిచాను. వాళ్ళలో ఎవరూ స్కాన్ ఎగ్గొట్టలేదు పాపం.

బాపు మాట నువ్వు సగమే విన్నావు. ఆయన రెండో మాట నేను విన్నాను, ఎందుకంటే నేను పక్కన కూర్చొని కొలిచేదాన్ని, నువ్వు గాలిపటం కోసం గోడ దూకేవాడివి. దర్జీలు పాత గిరాకీకి పాత కొలతలతోనే కొత్త షేర్వానీ కుట్టబోతే ఆయన ఏమనేవాడు? "అరే భాయ్, అస్తర్‌ను కొలవకున్నా మంచిదే. మనిషిని ఏడాదికొకసారి కొలువు. మనిషి ఆగడు," అనేవాడు. ప్రతి రంజాను ముందు అదే మాట. నీకు జ్ఞాపకం లేదంటే నేను నమ్మను.

సరే. తిట్టడం అయింది. ఆ పట్టీ సంగతి చెప్పు. గోడే వెడల్పయితే కొత్త పట్టీ మాత్రం దేన్ని పట్టుకుంటుంది? ఆ అమ్మాయిని ఇది అడిగావా?

విమల


దబీర్‌పురా
5 జూలై 2007

అక్కా,

అడగలేదు. అడగాల్సింది.

పట్టీ కుదరలేదు. గంటల కొద్దీ ప్రయత్నించారు. అదుముకోవడానికి మంచి గోడ మూత్రపిండాల నాళాల కింద మిగల్లేదట. అంతకన్నా పైకి పెడితే మూత్రపిండాలకు రక్తం ఆగిపోతుంది. పట్టీ పెట్టకుండానే బయటికి తీసుకొచ్చారు.

ఇక మిగిలింది పొట్ట కోయడం. నాలుగేళ్ళ కింద తప్పించుకున్నామనుకున్న దానికే తిరిగొచ్చాం. ఈసారి కష్టం ఎక్కువ. మూత్రపిండాల నాళాలకు పైన పట్టకారు వేసి రక్తం ఆపాలి, పాత బట్టను పీకాలి, అది గోడకు ఎక్కడెక్కడ అతుక్కుందో కోసి చూస్తే గానీ తెలియదు. అది తీశాక కొత్త గొట్టం కుట్టాలి. గుండె తట్టుకోవాలి, మూత్రపిండాలు తట్టుకోవాలి. చేయకపోతే ఏమవుతుందని రాహుల్ అడిగాడు. "పగులుతుందండీ. ఎప్పుడో చెప్పలేను గానీ, పగులుతుంది," అంది డాక్టరమ్మ. రాహుల్ బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు.

నీతో దాచేదేముంది? నాకు భయంగా ఉంది అక్కా. దుకాణంలో కూర్చుంటాను, గిరాకీతో మాట్లాడతాను, చెయ్యి మాత్రం పొట్ట మీదకు పోతుంది. అది కొట్టుకుంటూనే ఉంటుంది. తుమ్ము వచ్చినా భయమే.

ఇంకో మాట. ఈ జబ్బు ఒక్కోసారి ఒకే కడుపున పుట్టినవాళ్ళకు వస్తుందట. నీ ప్రశ్నలన్నీ విని విని డాక్టరమ్మకు నువ్వు బాగా పరిచయం. "అక్కగారిని కూడా ఒక్కసారి పొట్ట స్కాన్ చేయించుకోమనండి. సూది కూడా ఉండదు, జెల్లీ రాసి చూస్తారంతే," అంది. చేయించుకో. నీకేమీ ఉండదు, నువ్వు సిగరెట్ తాగావా ఏమన్నానా? అయినా చేయించుకో.

ఆపరేషన్ ఆగస్టులో.

అమరనాథ్


హనుమకొండ
27 జూలై 2007

తమ్మీ,

స్కాన్ చేయించుకున్నాను. నా గురించి నువ్వు ఆలోచించే సమయం కాదిది.

భయపడకు అని రాయను. భయపడాల్సిన విషయానికి భయపడటం తెలివే. కానీ నువ్వు భయపడుతూ కూడా కళ్ళు తెరిచి చూడగలవు, అది నాకు తెలుసు. నాకోసం చూడు. ఇవన్నీ తెలుసుకొని రాయాలి.

మొదటే పొట్ట కోసి చేయించుకుంటే ఇంత కష్టం ఉండేదా? నువ్వు మళ్ళీ 2003లోకి పోతే ఏది ఒప్పుకునేవాడివి? కోసిన తర్వాత ఎన్నాళ్ళకు మెట్లెక్కవచ్చు? డెబ్బై దాటినవాళ్ళకు చేస్తారా? ఆడవాళ్ళకు నాళాలు సన్నగా ఉంటాయి కదా, తొడలోంచి పంపే పద్ధతి వాళ్ళకు కుదురుతుందా? మా కాలనీలో ఒకావిడ అడుగుతోంది.

తీసిన పాత బట్టను చూపించమని అడుగు. తప్పకుండా అడుగు. ఎలా ఉందో నాకు నువ్వే రాయాలి, ఇంకెవరు రాసినా నాకు అక్కర్లేదు.

విమల


దబీర్‌పురా
16 ఆగస్టు 2007

అక్కా,

ఆటో వచ్చింది, సంచి ఎక్కిస్తున్నారు. నిలబడే రాస్తున్నాను.

నీ ప్రశ్నలు స్రవ్య వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి నా సంచిలో పెట్టింది. గఫూర్ భాయ్ దర్గా నుంచి తెచ్చిన దట్టీ నా చేతికి కట్టాడు. బీరయ్య మైసమ్మకు మొక్కుకున్నాడు. రెండు వైపులా బందోబస్తు అయింది.

నేను తిరిగి రాకపోతే గల్లా పెట్టె పైన గోడకున్న బాపు ఇనుప గజం నీది. నీకే రావాల్సింది, నేను వాడుకున్నాను. వస్తే మాత్రం ఇవ్వను.

అమరనాథ్


హనుమకొండ
24 ఆగస్టు 2007

తమ్మీ,

స్రవ్య ఫోన్లో చెప్పింది. ఎప్పుడూ వినపడని చెవులకు ఆ రోజు ఒక్కసారికే వినపడింది. "అత్తమ్మా, మామయ్య కండ్లు తెరిచిండు!" అంది. ఫోను పెట్టేసి వాకిట్లోకి పోయి నిలబడ్డాను. అమ్మాయి వచ్చి ఎందుకు ఏడుస్తున్నావంది. ఏడుస్తున్నట్టు నాకు తెలియదు.

ఈ ఉత్తరం ఆస్పత్రికే పంపుతున్నాను. జవాబు రాయొద్దు. ఊపిరి తీసుకో, అది చాలు.

ప్రశ్నలు మాత్రం మర్చిపోకు.

అక్క


దబీర్‌పురా
11 అక్టోబరు 2007

అక్కా,

ఇది నాలుగు రోజులుగా రాస్తున్న ఉత్తరం. కాసేపు రాస్తే కళ్ళు మూతలు పడుతున్నాయి. అందుకే రంగు మారిన చోటల్లా పెన్ను మారిందనుకో.

నన్ను చక్రాల మంచం మీద లోపలికి తోసుకుపోతుంటే పైన లైట్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. అప్పుడు నీ కాగితం గుర్తొచ్చి డాక్టరమ్మను అడిగాను, "అమ్మా, ఆడోళ్లకు నరాలు సన్నగుంటయట, తొడల్నుంచి అయితదా?" ముఖానికి మాస్కు కట్టుకుంటూ ఆగింది. "కొందరికి అవుతుందండీ, కొందరికి కాదు. కొలిచి చూడాలి," అని చెబుతూనే ఉంది, నేను నిద్రపోయాను. భయపడటానికి టైము చిక్కలేదు. అది నీ పుణ్యం.

తర్వాత సంగతులు గొప్పగా ఏమీ లేవు. నోట్లో గొట్టం, ముక్కులో గొట్టం. మాట రాదు. మూత్రపిండాలు మొండికేశాయి, డయాలిసిస్ దాకా పోతుందేమో అన్నారు, మళ్ళీ వాటంతట అవే దారికొచ్చాయి. పేగులు వారం పైగా పని చేయలేదు. మంచినీళ్ళ కోసం దేవుణ్ణి తిట్టాను, నర్సును తిట్టాను. మొదటిసారి కడుపులో గుడగుడమన్న రోజు వార్డంతా సంబరం. రాహుల్ మిఠాయి పంచాడు, నాకు తప్ప.

ఇప్పుడు నీ కాగితం. మొదటే కోసి ఉంటే? ఇంత కష్టం ఉండేది కాదట. కానీ 2003లో తొడలోంచి చేయడం తప్పు కాదు, నేను రాకపోవడమే తప్పు అంది డాక్టరమ్మ. ఏటా వచ్చుంటే గోడ వెడల్పవుతుండగానే కనిపెట్టేవాళ్ళు, పట్టీకి అప్పుడు జాగా ఉండేదేమో. డెబ్బై దాటినా గుండె బాగుంటే చేస్తారు. మెట్లు నిన్న ఎక్కాను, రెండుసార్లు కూర్చొని.

బట్ట చూశాను అక్కా! డాక్టరమ్మ సీసాలో పెట్టి తెచ్చింది. నా చేతికి గ్లౌజు తొడిగి ముట్టుకోనిచ్చింది. పైజామా నడుము భాగమే, కాళ్ళు కింద గోడకు గట్టిగా అతుక్కుపోతే వాటిని అక్కడే వదిలి కొత్త గొట్టాన్ని వాటికే కలిపి కుట్టారట. గోధుమరంగు మరకలు పడింది. వేళ్ళతో అంచు తడిమాను. పోగు లేవలేదు, కుట్టు విడవలేదు, ఒక్క తీగ కూడా విరగలేదు. నాలుగేళ్ళు నాలో ఉండి పైసా అంత కూడా చెడిపోలేదు. నేనే మారిపోయాను. మారని దాన్ని నమ్ముకొని, సాగేదాన్ని కొలవలేదు. బాపు రెండో మాట ఆ సీసా ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది. నిజంగానే గుర్తొచ్చింది, నువ్వు రాశావని కాదు.

కొత్తదానికి తీగలు లేవు. ఉత్త బట్ట గొట్టం, నాళానికి చేత్తో కుట్టిందే. గఫూర్ భాయ్ మస్తు ఖుషీ. "చూసినవా సేఠ్? ఆఖర్కి హాత్ కా కామ్!" అన్నాడు.

ఇక అసలు మాట. ఇది అడగడానికే నాలుగు రోజులు పట్టింది.

నేను గల్లా దగ్గర యాభై ఏళ్ళు కూర్చున్నాను. ఊరికే చూసిపోయే గిరాకీ ధర అడుగుతుంది. తీసుకుపోయే గిరాకీ, ఉతికితే ఏమవుతుంది, రంగు పోతుందా, ఎన్నేళ్ళు ఆగుతుంది అని అడుగుతుంది. పక్కింటావిడ కోసం అని చెప్పి అడిగినా నాకు తెలిసిపోతుంది. నీ మొదటి ఉత్తరంలో ప్రశ్నలన్నీ లోపల ఏముంది, ఎలా నిలబడుతుంది అని. జూలై ఉత్తరంలో ప్రశ్నలు వేరే. డెబ్బై దాటినవాళ్ళు, ఆడవాళ్ళు, మెట్లు. మీ కాలనీలో ఎవరూ లేరు. స్కాన్ చేయించుకున్నానని రాశావు గానీ ఏమొచ్చిందో రాయలేదు.

మనిషిని కొలవమన్నది నువ్వే. నీది ఎంత, అక్కా?

అమరనాథ్


హనుమకొండ
16 అక్టోబరు 2007

తమ్మీ,

అయిదున్నర సెంటీమీటర్లు. రెండు ఉండాల్సిన చోట.

నీ జూలై ఉత్తరం అందిన వారంలోనే తెలిసింది. జెల్లీ రాసిన పిల్లవాడు మాట్లాడటం ఆపేశాడు, అప్పుడే అర్థమైంది. ఇక్కడి డాక్టరు వెంటనే హైదరాబాదు పొమ్మన్నాడు. పోలేదు. అమ్మాయికి కూడా చెప్పలేదు, ఈ రోజే చెప్పాను. నా వంతు తిట్లు తిన్నాను, నువ్వు ప్రత్యేకంగా తిట్టక్కర్లేదు.

ఎందుకు పోలేదో చెప్తాను. నువ్వు ఆ బల్ల మీద నుంచి లేవకపోతే నేను ఆ బల్ల ఎక్కకూడదనుకున్నాను. ఒకే అమ్మ కడుపు, ఒకే రకం గోడ. నా తమ్ముణ్ణి మింగిన చోటికి నేనెందుకు పోవాలి, పగిలినప్పుడు పగులుతుందిలే అనుకున్నాను. సైన్సు టీచరు అనుకోవాల్సిన మాట కాదు. కానీ అనుకున్నాను. నిన్ను అన్ని ప్రశ్నలు అడిగింది నువ్వు జవాబులు రాయడానికైనా బతికి రావాలని. నువ్వు వచ్చావు. అన్నిటికీ జవాబు రాశావు.

సోమవారం కాజీపేటలో రైలెక్కుతున్నాను, అమ్మాయి తోడు వస్తుంది. సికింద్రాబాదులో మారి లోకల్‌లో దబీర్‌పురా స్టేషన్లో దిగుతాం. నువ్వు రావొద్దు, రాహుల్‌ను పంపు. కోయాలో, తొడలోంచి చేయాలో ఆ డాక్టరమ్మ కొలిచి చెప్పనీ. ఏది చేసినా, ఏటా నువ్వూ నేనూ ఒకే రోజు పోయి కొలిపించుకొని వద్దాం. ఎవరు ఎగ్గొట్టినా రెండోవాళ్ళకు తెలిసిపోవాలి. బాపు గజం గోడ మీదనే ఉండనీ, నేను వచ్చి చూసుకుంటాను.

నాకు కూడా భయంగా ఉంది తమ్మీ. ఇంతమందికి ఇన్నేళ్ళు చెప్పిన పాఠం నా ఒంట్లోకి వచ్చేసరికి ఒక్క ముక్క గుర్తు రావడం లేదు. ఒక పని చేయి. నన్ను ఆ లైట్ల కింద లోపలికి తీసుకుపోయేటప్పుడు, తలుపు దాకా మంచం పక్కనే నడువు. నడుస్తూ నన్ను ఏదో ఒకటి అడుగుతూ ఉండు. గట్టిగా అడుగు, నాకు వినపడాలి.

అక్క